విన్నానని అనేదాకా

నోటి అనువాదం నేర్చుకుంటామని మా ఇంటికి వచ్చే పిల్లలు కూర్చోగానే ఏ డిక్షనరీ కొనమంటారని అడుగుతారు. ఏదో ఒకటి కొనండి, పోయేదేం లేదు. ఈ పనిలో డిక్షనరీ మనల్ని సగం దారిలో దింపేసి తన దారిన తను పోతుంది. మిగతా సగం గురించి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కొంత మీరు నమ్మకపోవచ్చు. నమ్మమని బతిమాలను. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషిని నేను, దిష్టి తీయించుకోవడం కూడా ఎరగని ఇంట్లో పుట్టాను. నాకే చాలాకాలం నమ్మబుద్ధి కాలేదు.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. మా నెల్లూరు తీరంలో ఒక రేవో ఫ్యాక్టరీయో పెట్టాలంటే, ముందు ఆ ఊళ్లో షామియానా వేసి జనాన్ని కూర్చోబెట్టి, మీకేమైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. అడిగే అధికారి కొన్నిసార్లు పైరాష్ట్రం మనిషి అయివుంటాడు. ఆయనకు తెలుగు రాదు, ఊరివాళ్లకు ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది నేను. జనం తెలుగులో వద్దన్నదాన్ని ఇంగ్లీషులో వద్దనడమే నా బతుకుతెరువు.

దేవదానం గారి పాఠం

నేను ఉద్యోగంలో చేరినప్పుడు అనువాద విభాగానికి పెద్ద దేవదానం గారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో ఎప్పుడూ పుదీనా బిళ్లలు. మంచిపని చేస్తే ఒక బిళ్ల ఇచ్చేవారు, చెడగొడితే తనే నోట్లో వేసుకుని మన వంక చూస్తూ చప్పరించేవారు. మొదటి ఏడాది ఆయన చప్పరించిన బిళ్లలే ఎక్కువ.

కొత్తలో నేను ఊరివాళ్లు ఏం వద్దన్నా 'ప్రొటెస్ట్' అనే క్రియ వాడేసేదాన్ని. ఒకరోజు పిలిచి కూర్చోమన్నారు.

"ఏమ్మా సుగుణా, జిల్లా అంతా జెండాలు పట్టుకుని రోడ్డెక్కిందా?"

"లేదు సార్, వద్దన్నారంతే."

"వద్దనడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. ఒక్కదాన్నే పట్టుకుని ఎందుకు అరగదీస్తావు?"

ఆరోజు చెప్పింది నేను ఇప్పటికీ మా పిల్లలకు చెబుతాను. 'అబ్జెక్ట్' అంటే అడ్డం చెప్పడం. కారణం చెప్పినా, చెప్పకపోయినా చెల్లుతుంది. 'ప్రొటెస్ట్' అంటే నలుగురికీ వినపడేలా గట్టిగా వద్దనడం. దానికి ఎదురుగా గోడ ఉన్నా ఫరవాలేదు. ఇంకో క్రియ ఉంది, 'రిమాన్‌స్ట్రేట్'. పాతకాలం వాసన వేసే మాట, ఇప్పుడు ఎవరూ ఎక్కువగా వాడరు. ఒక మనిషి ఇంకో మనిషి ముఖంలోకి చూస్తూ, కారణాలు చెప్పి, ఇలా చెయ్యొద్దని అడగడం అది. దాని పక్కన 'విత్' అని ఒక చిన్న మాట చేర్చాలి, ఎవరితో అన్నది చెప్పాలి.

"ఎదురుగా మనిషి ఉండాలి. కారణం ఉండాలి. వింటాడని ఆశ ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆ మాట ముట్టుకోకు," అన్నారు.

"మీరు ఎన్నిసార్లు వాడారు సార్?"

"రాతలో వాడాను. సభలో ఒక్కసారీ వాడలేదు. ఆశ ఉన్న సభ నాకు దొరకలేదు," అని నాకో పుదీనా బిళ్ల ఇచ్చారు. ఎందుకు ఇచ్చారో అప్పుడు అర్థం కాలేదు.

'మీ ఇష్టం సార్'

కొడవలూరు వైపు ఒక సభలో వరి రైతు లేచి, "ఆ, ఒప్పుకుంటాలే, ఒప్పుకోక యాడికి పోతాను," అన్నాడు. నా పక్కనున్న కొత్త కుర్రవాడు దాన్ని ఇంగ్లీషులో 'ఒప్పుకుంటున్నాను' అని ఇచ్చేశాడు. అధికారి సంతోషించాడు. రైతుకు ఇంగ్లీషు రాదు కానీ ఎదుటివాడి నవ్వు వచ్చు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కుర్రవాడి వంక చూసిన చూపు నేను మరిచిపోను. నేను లేచి సరిచేసేదాకా ఆయన కూర్చోలేదు.

మనవాళ్లు అభ్యంతరాన్ని చాలాసార్లు అంగీకారం బట్టలు తొడిగి పంపిస్తారు. 'సరేలే', 'కానీండి', 'మీరు పెద్దోళ్లు' అంటారు. అన్నింటికంటే గట్టి అభ్యంతరం 'మీ ఇష్టం సార్'. ఆ మాట అన్నాక మనిషి ఇక మాట్లాడడు. దాన్ని మాటకు మాటగా దించితే మీరు ఆ ఊరి గొంతు నొక్కినట్టే. ఈ విషయంలో నాకు దయాదాక్షిణ్యాలు లేవు. మీరు నా దగ్గరికి వచ్చి అలా చేస్తే బిళ్ల కూడా చప్పరించను, ఇంటికి పంపిస్తాను.

'నేను' అనాలి

మా పనిలో మారని నియమం ఒకటుంది. ఎదుటివాళ్లు 'నేను' అంటే మనమూ 'నేను' అనాలి. 'ఆయన ఇలా అంటున్నాడు' అనకూడదు. రైతు మాట్లాడితే నేను రైతును. రొయ్యల చెరువు యజమాని మాట్లాడితే నేను యజమానిని. మన అభిప్రాయం, మన జాలి, మన కోపం కుర్చీ కింద పెట్టి కూర్చోవాలి. సభ అయ్యాక మళ్లీ మనం మనమవుతాం. అలాగే అవుతామని అందరం అనుకుంటాం.

ఈ నియమం మంచిదే. ఇప్పటికీ అదే నేర్పుతాను. దాని వల్ల నాకు జరిగింది ఇప్పుడు చెబుతాను.

పాలెంలో సభ

తోటపల్లి గూడూరు దాటి సముద్రం ఒడ్డున ఒక పాలెం. పేరు చెప్పను. అందరూ వేట మీద బతికేవాళ్లు. ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర ఇసుక తవ్వి, పెద్ద పడవలు వచ్చేలా లోతు చేస్తామని ఒక కంపెనీ వచ్చింది. పొద్దున సభ పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి మర్యాదస్తుడే. ఎండకు ఎర్రగా కందిపోయి, మాటిమాటికీ నీళ్లు తాగుతున్నాడు.

ఒక్కో ఇంటి నుంచి ఒకరు లేచి చెబుతున్నారు. దేశమ్మ అనే ఆమె వంతు వచ్చేసరికి ఊరి పెద్దకాపు లేచాడు. పెద్దకాపు అంటే అక్కడ ఊరిపెద్ద, కులం పేరు కాదు.

"ఆ ఇంట్లో రెండు మాటలమ్మా. దేశమ్మదొకటి, పోలయ్యదొకటి."

"పోలయ్య ఎక్కడ?" అని అడిగాను.

"ఇంకా రాలా."

పోయిన వానల్లో వేట నుంచి తిరిగివస్తూ ముఖద్వారం దగ్గర పోలయ్య పడవ తిరగబడింది. తోటివాళ్లు ఈది ఒడ్డుకు చేరారు, అతను చేరలేదు. శవమూ రాలేదు. శవం వచ్చేదాకా ఆ పాలెంలో మనిషిని పోయినవాళ్లలో లెక్కవేయరు. 'రాని మనిషి' అంటారు. సముద్రం గురించి ఊరు ఏం తీర్మానించినా రాని మనిషి మాట కూడా అడగాలి. అతనికి దగ్గరివాళ్లు అతని మాట చెబుతారు.

దేశమ్మ చెంబులో తెచ్చిన సముద్రపు నీళ్లు పుక్కిలించి ఊసింది. సముద్రం వైపు తిరిగి ఇసుకలో కూర్చుంది. జనమంతా తలలు దించుకున్నారు. అప్పుడు ఆమె ముఖం చూడకూడదట. నాకు ఎవరూ చెప్పలేదు, నేను చూశాను.

గొంతేమీ మారలేదు. సినిమాల్లోలాగా కళ్లు తిరగలేదు. అన్నం తిని అరుగు మీద కూర్చున్న మగవాడి నెమ్మది వచ్చిందంతే. కానీ ఒక్కో మాటకూ మధ్య ఊపిరి బిగపట్టి, పైకి వచ్చి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టేది.

"నేను పోలయ్యని. ముఖద్వారం కాడ ఉండాను. పడవ బోర్లాపడి నా మిందుండాది. దాని మింద ఇసక. మీరు మిషను పెట్టి తవ్వతారంట. తవ్వితే నన్ను ముక్కలు ముక్కలుగా తీస్తారు. నా పెండ్లాం ముక్కల్ని ఏం చేసుకుంటాది? వానలు పడి గాలి తిరగనీండి. ఇసక అదే కదులుతాది, నేనే వస్తాను. వచ్చినాక మీ పని మీరు చేసుకోండి. అందాకా తవ్వొద్దు సారూ."

నియమం ప్రకారం నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నేను పోలయ్యని. నేను ఇసుక కింద ఉన్నాను. నన్ను ముక్కలుగా తీయొద్దు. చెబుతూ ఉండగా నాకు తెలియకుండానే నేనూ మాట మాటకూ మధ్య ఊపిరి బిగపట్టాను.

అధికారి తల ఎత్తాడు. "మాట్లాడుతున్నది ఎవరు?"

"ఈమె భర్త సార్."

"ఆయన ఎక్కడున్నాడు?"

"ఇప్పుడే చెప్పాడు సార్," అన్నాను. నా పొగరు నాది.

ఆయన ముఖద్వారం వైపు ఒకసారి చూసి, "నిరసన తెలుపుతున్నారన్నమాట," అంటూ 'ప్రొటెస్ట్' అన్నాడు. కాదన్నాను. నా ఉద్యోగంలో మొదటిసారి దేవదానం గారి మాట బయటికి తీసి, 'రిమాన్‌స్ట్రేట్' అన్నాను. "ఎవరితో?" అని అడిగాడు. "మీతో," అన్నాను. చిన్నగా నవ్వి, తర్వాతి వాళ్లను పిలవమన్నాడు.

పెద్దకాపు కూర్చోలేదు. "విన్నానని చెప్పమనమ్మా సారుని."

అది కూడా ఇంగ్లీషులో చెప్పాను. "రికార్డులోకి ఎక్కింది," అన్నాడు అధికారి. అదే తెలుగులో చెప్పాను.

"రికార్డుకెక్కితే విన్నట్టా?" అన్నాడు పెద్దకాపు. "ఎవురితో చెప్పినామో వాళ్లు విన్నానని అనాల. అంటే నేను ఇంక పో అంటాను, మాట పోతాది. అనకపోతే చివరాకర ఎవురి నోట పలికిందో వాళ్ల కాడే ఉండిపోతాది."

చివరగా ఎవరి నోట పలికిందో అక్కడ అందరికీ తెలుసు. దేశమ్మ మూతి తుడుచుకుని నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఆఖరి బస్సు తప్పిపోయినవాళ్లను చూసినట్టు చూసింది.

"మీ కాడే నిలిచిపోయినాడు మేడమ్," అంది.

ఉప్పు

ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగితే ఉప్పగా ఉన్నాయి. నీళ్ల క్యాన్ మార్పించాను. మా చెల్లెలు అదే క్యాన్‌లోంచి తాగి తియ్యగా ఉన్నాయంది. డాక్టరు బీపీ చూసి బాగానే ఉందన్నాడు. ఎండలో తిరగడం తగ్గించమన్నాడు. నెల్లూరులో డాక్టర్లు ఎవరికైనా చెప్పే మాటే అది.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదవడం నా వంతు. చదవాల్సిన భాగంలో మొదటి మాట 'నేను'. అది పలికాక నాలుక ఆగిపోయింది. ఆపైన నా నోట్లోంచి వచ్చిన మాట, "ముఖద్వారం కాడ ఉండాను." మైకులో పడింది. ముందు వరసలో తలలు లేచాయి. నా గొంతు నాకే కొత్తగా వినపడింది, మధ్యలో ఊపిరి బిగపట్టిన ఆ ఆగడంతో సహా. పాస్టరు గారి భార్య నన్ను నడిపించుకుపోయి ఫ్యాను కింద కూర్చోబెట్టి, చెమ్చాతో చక్కెర నీళ్లు పట్టింది. అవీ ఉప్పే.

భయం వేసింది. నేను ప్రార్థన చేసే మనిషిని, కానీ ప్రార్థన కూడా 'నేను' అనే మాటతో మొదలయ్యేది. అందుకని ఇంట్లో ఆ మాట మానేశాను. 'అన్నం వద్దు', 'నిద్ర వస్తోంది', ఇలా సరిపెట్టుకున్నాను. ఉద్యోగంలో ఎలా మానను? కొడవలూరు దగ్గర రైసుమిల్లు దుమ్ము మీద సభ. ఒక ముసలాయన, "నేను దగ్గి దగ్గి చస్తావుండా సారూ," అన్నాడు. నేను ఇంగ్లీషులో 'నేను' అన్నాను. తర్వాత 'పడవ కింద ఉన్నాను' అన్నాను. అక్కడి అధికారి నన్ను పది నిమిషాలు విశ్రాంతి తీసుకోమన్నాడు.

మరునాడు పొద్దున్నే పాలెం వెళ్లాను. దేశమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, పీట వేసింది.

"ఏం చేస్తే పోతుంది దేశమ్మా?"

"నాకేం తెలస్తాది అక్కా. సారుతో చెప్పినాము, సారే వినాల. నేను విన్నా, నువ్వు విన్నా ఆగదు." మేడమ్‌ని కాస్తా అక్కనయ్యాను. "నీ నోట్లో ఉండాడు గదా. బాగుండాడా?"

"ఊపిరి ఆడనట్టు మాట్లాడతాడు," అన్నాను. ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

అక్కడి నుంచి చూస్తే ముఖద్వారానికి ఆవల కంపెనీ తెచ్చి నిలబెట్టిన ఇసుక తవ్వే మిషను కనపడుతోంది. పసుపుపచ్చది. సంతకం అయితే చాలు, మొదలవుతుంది.

"గాలి ముందు తిరుగుతాదో, అది ముందు తిరుగుతాదో," అంది దేశమ్మ. "ముక్కలైతే నేను గుర్తుపట్టలేనక్కా. ఎవురివో ఏందో అనుకుంటా బతకాల."

ఏసీ గది

అనుమతికి ముందు ఆఖరి సమావేశం నెల్లూరులో ఒక ఆఫీసు గదిలో, మధ్యాహ్నం పూట జరిగింది. అదే అధికారి. కంపెనీవాళ్లు గోడ మీద మ్యాపులు చూపించారు. వెనక వరసలో పెద్దకాపు, దేశమ్మ కూర్చున్నారు. అన్నీ అయ్యాక అధికారి, ఊరి తరఫున ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగాడు. తెలుగులో అడిగాను.

దేశమ్మ లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట్లాడలేదు. తన దగ్గర మాట లేదు కదా, నా దగ్గరుంది.

'ఆమె మౌనంగా ఉంది సార్' అని చెప్పబోయి నోరు తెరిచాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే, ఏసీ గదిలో తడి వల వాసన. మాట్లాడుతున్నానని తెలుసు. ఏం మాట్లాడుతున్నానో తెలియదు. ఛాతీ మీద బరువు, నోటి నిండా ఇసుక గరుకు. చెప్పడం అయిపోయింది.

అధికారి కలం కింద పెట్టాడు. నా ముఖంలోకి, నా ముఖంలోకే, చూస్తూ ఇంగ్లీషులో అన్నాడు. "విన్నాను. గాలి తిరిగేదాకా ఆగుతాం."

దాన్ని తెలుగులో చెప్పాను. నా గొంతు అప్పటికి నాదే. వెనక నుంచి పెద్దకాపు మెల్లగా, "ఇంక పో," అన్నాడు.

బయట వరండాలో పెద్దకాపు నన్ను ఆపాడు. "అచ్చం మా పోలయ్య మాదిరే మాట్లాడినావమ్మా. మా మాటల్లోనే."

"ఇంగ్లీషులో చెప్పాను కదా?"

"లేదమ్మా. ఇంగిలీషు ఒక్క ముక్క చెప్పలా."

తెలుగు రాని మనిషి నేను అనువదించకముందే జవాబు చెప్పాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా అవసరం లేకుండా పోయిన సభ అదొక్కటే. ఫైలు తీసుకోవడానికి మళ్లీ లోపలికి వెళ్లాను. అధికారి ఒక్కడే కూర్చుని గ్లాసులో నీళ్లు తాగబోయి, ముఖం అదోలా పెట్టి, గ్లాసు దూరంగా జరిపాడు. ఆయన వెళ్లిపోయాక అదే జగ్గులోంచి నేను తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఆయనను నేనేమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

గాలి తిరిగాక

వానలు పట్టి, ఒక వాయుగుండం వచ్చి పోయిన తర్వాత పొద్దున్నే పెద్దకాపు ఫోన్ చేశాడు.

"గాలి తిరిగిందమ్మా. వచ్చినాడు."

ఆటోలో వెళ్లాను. దారికి రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే చక్రాలు తుంపర్లు చిమ్ముతున్నాయి. పాలెం అంతా ఒడ్డునే ఉంది. ముఖద్వారంలో ఇసుక కోసుకుపోయి పడవ బయటపడిందట. పోలయ్య తన వలలోనే చుట్టుకుని, విడిపోకుండా, మొత్తంగా వచ్చాడు. కొత్త గుడ్డ కప్పారు. మొలతాడు చూసి గుర్తుపట్టారు.

ఊరంతా వరసగా వచ్చి "ఇంక పో" అంటున్నారు. ఆఖరిది పెళ్లాం వంతు. ఆమె అన్నాక పైకి ఎత్తుతారు.

దేశమ్మ తలవైపు కూర్చుని గుడ్డ తీసింది. అక్కడ ముఖమని చెప్పుకోవడానికి ఎక్కువ మిగల్లేదు. ఆమె దాన్నే చూస్తూ మొదలుపెట్టింది.

"యాడికి పోతావు? వల సగం అల్లి పెట్టినావు, ఆ ముడి నాకు రాదు. ఇంటికి పైకప్పు ఒకపక్కే మార్చినావు. మీ చెల్లెలికి వస్తానని చెప్పుండావు. ఇన్నాళ్లు నీ గొంతు నేను మోసినా, ఆ అక్క మోసింది. ఇప్పుడు నా గొంతు నువ్విను. పోవద్దు. ఇప్పుడే గదా వచ్చినావు."

చెప్పి, జవాబు కోసం చూసింది. నిజంగానే చూసింది. ఎదురుగా మనిషి, చేతిలో కారణాలు, కళ్లలో ఆశ. దేవదానం గారు సభల్లో వెతికిన మాట ఆ ఇసుకలో కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది.

విన్నానని అనేవాళ్లు లేకపోతే ఆ మాట దేశమ్మ దగ్గరే ఉండిపోతుంది. అది అందరికీ తెలుసు. పెద్దకాపుకూ ఏం చెయ్యాలో తెలియలేదు. పోలయ్య మాట పలికే గొంతు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు, నా దగ్గర కూడా లేదు. నాలుక మీద ఉప్పు లేదు. నేను విన్నా చెల్లదని అప్పుడు దేశమ్మే చెప్పింది. అయినా ముందుకు వెళ్లి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అది ఎవరి మాటకూ అనువాదం కాదు. నా ఉద్యోగంలో నా సొంతంగా అన్న మాట అదొక్కటే.

"నేను విన్నాను దేశమ్మా."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. తర్వాత గుడ్డ అతని ముఖం మీదికి లాగి, అంచులు సర్దింది.

"అక్క విన్నాదంట," అంది అతనితో. "ఇంక పో."